అనులోమానుపాతం లెక్కలు: ఏకవస్తు పద్ధతి, నిష్పత్తులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరో తరగతి పిల్లల దగ్గర్నుంచి కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్ల దాకా ఈ లెక్కల్లో అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. అడిగిన ప్రతిసారీ కాగితం మీద రాసివ్వడం కంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ముందున్నవి చదవకపోయినా ఇబ్బంది లేదు. ధరలు, చార్జీలు లెక్క కోసం వేసుకున్నవి. గుంట, సెంటు, క్వింటా లాంటి కొలతలు మాత్రం అసలైనవే.

## లెక్క మొదలుపెట్టకముందు

అనులోమానుపాతం అంటే "ఒకటి పెరిగితే రెండోదీ పెరగడం" అంతేనా?

అది సగం మాటే. పెరిగితే చాలదు, రెండూ ఒకే రెట్టున పెరగాలి. కొడుక్కి 5 ఏళ్లప్పుడు నాన్నకు 30 ఏళ్లు. కొడుక్కి 10 వచ్చేసరికి నాన్నకు 60 రావు, 35 వస్తాయి. రెండు వయసులూ పెరిగాయి, కానీ ఒకటి రెట్టింపైతే రెండోది కాలేదు. నోటుపుస్తకాల సంగతి చూడండి: 2 పుస్తకాలు 70 రూపాయలు, 5 పుస్తకాలు 175, 8 పుస్తకాలు 280. ఏ జతను తీసుకుని భాగించినా 35 వస్తుంది. మారని ఆ 35 ఉంటేనే అనులోమానుపాతం. పాఠ్యపుస్తకం దాన్ని స్థిరాంకం అంటుంది, కొట్టువాడు ఒక్కోదాని రేటు అంటాడు.

లెక్క చదవగానే ఇది అనులోమమో కాదో ఎలా కనిపెట్టాలి?

రెండు ప్రశ్నలు వేసుకోండి. మొదటి రాశిని రెట్టింపు చేస్తే రెండోది కచ్చితంగా రెట్టింపు అవుతుందా? మొదటిది సున్నా అయితే రెండోదీ సున్నా అవుతుందా? రెండింటికీ అవునంటేనే ముందుకు వెళ్లండి.

ఆటో చార్జీ ఈ పరీక్షలో తప్పుతుంది. మొదటి 2 కిలోమీటర్లకు కనీస చార్జీ 50 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 20 అనుకుందాం. 4 కిలోమీటర్లకు 50 + 40 = 90. 8 కిలోమీటర్లకు రెట్టింపు 180 అనేస్తారు చాలామంది. అసలు చార్జీ 50 + 120 = 170. ఎక్కి కూర్చుని మీటరు వేయగానే, చక్రం కదలకముందే, 50 చూపిస్తుంది కదా, సున్నా ప్రశ్న దగ్గరే ఈ లెక్క దొరికిపోతుంది. గ్రాఫు గీస్తే అనులోమానుపాతం సరళరేఖగా వచ్చి మూలబిందువు గుండా పోతుంది. ఆటో చార్జీ గీత కాస్త పైనుంచి మొదలవుతుంది.

గ్లాసు బియ్యానికి మూడు విజిల్స్ అయితే రెండు గ్లాసులకి ఆరు రావాలా?

రాకూడదు. ఆరు రానిస్తే అన్నం జావవుతుంది. బియ్యానికి, పోసే నీళ్లకి మధ్య ఉన్నది దాదాపు అనులోమమే. విజిల్స్ సంగతి వేరు, గింజలన్నీ ఒకే ఆవిరిలో ఒకేసారి ఉడుకుతాయి. గ్లాసు పెరిగితే మొదటి విజిల్ ఆలస్యంగా వస్తుంది, అంతే. పరీక్షల్లోనూ ఇలాంటి మడతపేచీ ప్రశ్నలు వేస్తారు: ఒక చీర ఆరడానికి 2 గంటలు పడితే దండెం మీద 5 చీరలు ఎంతసేపట్లో ఆరతాయి? రెండు గంటలే.

మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి. దానికీ ఇదే పద్ధతి వాడొచ్చా?

అది విలోమానుపాతం. ముందు ఒకటికి ఎంతో కనుక్కోవడం అక్కడా ఉంటుంది కానీ గుణకారం, భాగహారం తారుమారవుతాయి. ఆరుగురు కూలీలు నాట్లు 4 రోజుల్లో వేస్తే, ఒక్కరే వేయాలంటే 6 × 4 = 24 రోజులు పడుతుంది. ఎనిమిది మందైతే 24 ÷ 8 = 3 రోజులు. ఇక్కడ మారకుండా ఉండేది లబ్ధం, అనులోమంలో మారకుండా ఉండేది భాగఫలం.

## ఏకవస్తు పద్ధతి

ఏకవస్తు పద్ధతిలో మెట్లు ఎలా రాయాలి? జవాబు సరిపోయినా మార్కులు ఎందుకు పోతున్నాయి?

మెట్టు ఎగ్గొట్టడం వల్ల. ప్రశ్నలో "ఏకవస్తు పద్ధతిలో" అని ఉంటే ఒకటి విలువ కనిపించాలి. 6 మామిడిపండ్లు 100 రూపాయలైతే 15 పండ్లు ఎంత?

6 పండ్ల వెల = 100
1 పండు వెల = 100/6
15 పండ్ల వెల = 100/6 × 15 = 250 రూపాయలు

ఇందులో అసలు కిటుకు ఒకటుంది, దాన్ని ఎవరూ నొక్కి చెప్పరు. అడిగిన రాశి ఎప్పుడూ వాక్యానికి కుడివైపు చివర ఉండాలి. అడిగింది డబ్బు, కాబట్టి డబ్బు కుడివైపు వచ్చింది. అదే "12 పెన్నులు 90 రూపాయలు, 300 రూపాయలకు ఎన్ని పెన్నులు వస్తాయి?" అంటే వాక్యాన్ని తిప్పేయాలి:

90 రూపాయలకు వచ్చే పెన్నులు = 12
1 రూపాయికి = 12/90
300 రూపాయలకు = 12/90 × 300 = 40

మొదటి వాక్యం ఇలా కూర్చుంటే తర్వాత దేన్ని దేనితో భాగించాలన్న టెన్షనే ఉండదు. ఎడమవైపున్న అంకెతోనే భాగించాలి. చివర్న "రూపాయలు", "పెన్నులు" అని ప్రమాణం రాయకపోయినా అర మార్కు ఎగిరిపోవచ్చు.

దేన్ని "ఒకటి" చేయాలో తేల్చుకోలేకపోతున్నాను. ప్రతిసారీ తిరగబడుతోంది.

లెక్కలో మీకు ఎంత ఉందో చెప్పిన రాశిని ఒకటి చేయాలి, కనుక్కోమన్న దాన్ని కాదు. వడ్లూ బియ్యం లెక్క దీనికి బాగా పనికొస్తుంది. సర్కారు ఇచ్చిన ధాన్యాన్ని మిల్లరు మరపట్టి, క్వింటాకు, అంటే 100 కిలోలకు, రా రైస్ (వడ్లు ఉడకబెట్టకుండా పట్టిన బియ్యం) అయితే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి.

75 కిలోల బస్తా వడ్లకు రా రైస్ ఎంత? చేతిలో ఉన్నవి వడ్లు, కాబట్టి కిలో వడ్లకు 67/100 కిలో బియ్యం. 75 కిలోలకు 67/100 × 75 = 50.25 కిలోలు.

50 కిలోల బియ్యం కావాలంటే వడ్లు ఎన్ని? ఇప్పుడు చెప్పింది బియ్యం, కాబట్టి కిలో బియ్యానికి 100/67 కిలోల వడ్లు. 50 కిలోలకు 100/67 × 50, అంటే సుమారు 74.6 కిలోలు.

అదే జత అంకెలు, రెండు వేరు "ఒకట్లు". పొరపాటున మొదటిదాన్నే వాడితే 50 కిలోల బియ్యానికి 33.5 కిలోల వడ్లు చాలని వస్తుంది. వడ్లకంటే బియ్యం ఎక్కువ దిగే మిల్లు ఎక్కడా లేదు కాబట్టి అక్కడే ఆగి వాక్యం తిప్పి రాసుకోవాలి.

ఒకటి ధర తెగడం లేదు, 16.666… అని పోతూనే ఉంది. ఎక్కడ ఆపాలి?

అసలు భాగించకండి. 100/6 ను అలాగే వదిలేసి ముందు గుణించండి: 100 × 15 = 1500, దాన్ని 6 తో భాగిస్తే 250. 16.67 అని కుదించి 15 తో గుణిస్తే 250.05 వస్తుంది. ఐదు పైసలే కదా అనుకోవద్దు, ఆబ్జెక్టివ్ పేపర్లో 250, 250.05 రెండూ ఆప్షన్లలో ఉండొచ్చు.

ప్రతిసారీ ఒకటి దాకా దిగాల్సిందేనా?

నోటిలెక్కకైతే అక్కర్లేదు. 12 పెన్నులు 90 రూపాయలు, 20 పెన్నులకు ఎంత? 12 ను, 20 ను భాగించేది 4. నాలుగు పెన్నులు 30 రూపాయలు, దాన్ని ఐదు రెట్లు చేస్తే 150. ఒక్కో పెన్ను ఏడున్నర అని తేల్చే పని తప్పింది. పప్పులు తూచే షాపువాళ్లు పావుకిలో లెక్కన చెప్పేదీ ఇలాగే.

2 గంటల 30 నిమిషాలను 2.3 అని రాయొచ్చా?

రాయకూడదు. గంటకు 60 నిమిషాలు, కాబట్టి అది 2.5 గంటలు. ఈ గొడవ వద్దనుకుంటే మొత్తం నిమిషాల్లోకి మార్చేయండి. రైలు 2 గంటల 30 నిమిషాల్లో 180 కి.మీ. పోతే 45 నిమిషాల్లో ఎంత? 150 నిమిషాలకు 180, ఒక నిమిషానికి 1.2, 45 నిమిషాలకు 54 కి.మీ.

## నిష్పత్తితో చేసేటప్పుడు

ఏది పైన రాయాలి, ఏది కింద రాయాలి?

ఏది రాసినా ఫర్వాలేదు, రెండు వైపులా ఒకే వరస ఉంటే చాలు. ఎడమవైపు పెన్నులు/డబ్బు అని పెడితే కుడివైపూ పెన్నులు/డబ్బు అనే పెట్టాలి. 12/90 = 20/ఎక్స్ సరైనదే, 12/20 = 90/ఎక్స్ కూడా సరైనదే. తప్పయ్యేది 12/90 = ఎక్స్/20. చిన్నపిల్లలకైతే రెండు వరసల పట్టిక గీయించండి: పై వరసలో పెన్నులు 12, 20, కింది వరసలో డబ్బు 90, ప్రశ్నార్థకం. గడుల్లో పెట్టిన అంకె తారుమారు కావడం అరుదు.

అడ్డగుణకారం చేస్తే జవాబు వస్తోంది. కానీ అది ఎందుకు పనిచేస్తుందో ఎవరూ చెప్పరేం?

12 పెన్నులు 90 రూపాయలు, 20 పెన్నులు ఎక్స్ రూపాయలు అనుకోండి. ఒకామె 12 పెన్నుల ప్యాకెట్లు 20 కొంది. ఇంకొకామె 20 పెన్నుల ప్యాకెట్లు 12 కొంది. ఇద్దరి దగ్గరా 240 పెన్నులే. రేటు ఒకటే కాబట్టి ఇద్దరూ ఇచ్చిన డబ్బూ ఒకటే. మొదటామె ఇచ్చింది 90 × 20, రెండో ఆమె ఇచ్చింది ఎక్స్ × 12. అంటే 12 × ఎక్స్ = 90 × 20, ఎక్స్ = 150. పుస్తకంలో "అంత్యముల లబ్ధం = మధ్యముల లబ్ధం" అని పెట్టె కట్టి ఉండేది ఇదే. కారణం ఒకసారి తెలిస్తే ఆ పెట్టెను బట్టీపట్టే పని ఉండదు.

2 కిలోలకు, 500 గ్రాములకు నిష్పత్తి 2 : 500 కదా?

కాదు, 4 : 1. ముందు రెండింటినీ ఒకే ప్రమాణంలోకి తేవాలి: 2000 : 500. మీటర్లు-సెంటీమీటర్లు, రూపాయలు-పైసలు, నెలలు-సంవత్సరాలు, అన్నిచోట్లా అంతే.

3 : 5 లో పంచమంటే మూడో వంతు, ఐదో వంతు ఇవ్వాలా?

ఆ పొరపాటు చాలామంది చేస్తారు. 3 : 5 అంటే మొత్తం 8 వాటాలు, ఒకరికి 3, ఇంకొకరికి 5. 24,000 రూపాయలైతే ఒక వాటా 3,000, కాబట్టి 9,000, 15,000. ఇక్కడ "ఒక వస్తువు" స్థానంలో "ఒక వాటా" వచ్చిందంతే. మొత్తం ఇవ్వకుండా "రెండో ఆయనకు 6,000 ఎక్కువ వచ్చింది" అని ఇస్తే, తేడా 5 – 3 = 2 వాటాలు, ఒక వాటా 3,000. ఇచ్చిన డబ్బు ఎన్ని వాటాలకు సరిపోతుందో చూడటమే పని.

రెండు పద్ధతుల్లో ఏది మంచిది?

రెండింటిలోనూ చేసేది ఒక గుణకారం, ఒక భాగహారమే, వరస మారుతుంది. ఏది వాడాలో అంకెల్ని చూసి తేల్చుకోండి. 7 కిలోలు 300 రూపాయలు, 21 కిలోలకు ఎంత అంటే ఒక కిలో ధర జోలికి పోవడం దండగ. 21 అంటే 7 కు మూడు రెట్లు, జవాబు 900. అదే 5 పుస్తకాలు 175, 8 పుస్తకాలకు ఎంత అంటే ఒకటి 35 అని తీయడమే తేలిక. ఒకే రేటు మీద పది ప్రశ్నలు వస్తే, షాపు బిల్లులో లాగా, ఒకటి ధర ఒకసారి తీసి పెట్టుకోండి. నా మటుకు నేను ఆరో తరగతి వాళ్లకు ముందు ఏకవస్తు పద్ధతే చెబుతాను. దాంట్లో ప్రతి వాక్యానికీ అర్థం ఉంటుంది. నిష్పత్తి గుర్తులు ముందే నేర్పితే పిల్లలు అంకెల్ని గుర్తుల మధ్య పడేసి అడ్డంగా గుణించేస్తారు, విలోమం లెక్కను కూడా వదలరు.

తాతయ్య "త్రైరాశికం" అంటుంటారు. అది వేరే పద్ధతా?

వేరే కాదు, మన దేశంలో ఈ లెక్కకు పాతపేరు అదే. తెలిసిన మూడు రాశులతో నాలుగోది కనుక్కోవడం. ఆర్యభటుడు (క్రీ.శ. 499) సూత్రం ఇచ్చాడు: ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. 12 పెన్నులు 90 రూపాయలు, 20 పెన్నులకు ఎంత అన్నప్పుడు 12 ప్రమాణం, 90 ఫలం, 20 ఇచ్ఛ. ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతివి కావాలి, ఫలం వేరే జాతిది.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఒక మంచి లెక్క ఉంది: రెండున్నర పలాల కుంకుమపువ్వు వెల 3/7 నిష్కం అయితే 9 నిష్కాలకు ఎంత వస్తుంది? (పలం పాతకాలపు తూకం, నిష్కం పాతకాలపు నాణెం.) భిన్నం చూసి భయపడకండి. 9 లో 3/7 లు ఎన్ని ఉన్నాయి? 21. అంటే డబ్బు 21 రెట్లు, కుంకుమపువ్వూ 21 రెట్లు: 2.5 × 21 = 52.5 పలాలు. తెలుగులో ఈ గణితం 11-12 శతాబ్దాల నాటికే ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన పద్యాల్లోకి తెచ్చాడు.

## చిక్కు లెక్కలు

మూడు రకాల రాశులు వస్తే చేతులెత్తేస్తున్నాను. మోటార్లు, గంటలు, లీటర్లు అన్నీ ఉంటే ఎలా?

3 మోటార్లు 4 గంటల్లో 24,000 లీటర్లు తోడితే, 5 మోటార్లు 6 గంటల్లో ఎంత తోడతాయి? ఒక్కొక్కదాన్ని విడిగా ఒకటికి దించండి. ఒక మోటారు 4 గంటల్లో 8,000. ఒక మోటారు ఒక గంటలో 2,000. ఇక ఎక్కడమే: 5 మోటార్లు ఒక గంటలో 10,000, ఆరు గంటల్లో 60,000 లీటర్లు. దీన్నే పాతవాళ్లు పంచరాశికం అన్నారు. సూత్రం గుర్తుపెట్టుకోవడం కంటే మెట్లు దిగి ఎక్కడం నమ్మకం.

మ్యాపులో పొడవు లెక్క సరిగా వస్తోంది, వైశాల్యం మాత్రం తప్పుతోంది. ఎందుకు?

పొడవుకి పొడవు అనులోమం, వైశాల్యం మాత్రం పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో బాగా వాడే స్కేలు 1 : 50,000. అంటే 1 సెం.మీ. నేల మీద 500 మీటర్లు, 7 సెం.మీ. అయితే 3.5 కి.మీ. కానీ 2 సెం.మీ. పక్క ఉన్న చతురస్రం తీసుకోండి. మ్యాపులో దాని వైశాల్యం 4 చ.సెం.మీ., నేల మీద కిలోమీటరు పక్క కాబట్టి 1 చ.కి.మీ. "సెంటీమీటరుకు అర కిలోమీటరు" అని 4 ను అరతో గుణిస్తే 2 వస్తుంది, అది తప్పు. ఇళ్ల స్థలాల్లోనూ ఇంతే: 20 × 30 అడుగుల స్థలం 600 చదరపుటడుగులు, పక్కలు రెండూ రెట్టింపు చేస్తే 2,400.

జవాబు సరైందో కాదో వెంటనే తెలుసుకునే దారి ఉందా?

ముందు పెరగాలా తగ్గాలా అని చూడండి. 12 పెన్నులు 90 అయితే 20 పెన్నులకు 54 వచ్చిందంటే భాగహారం తిరగబడింది. తర్వాత వచ్చిన జవాబుతో రేటు తీయండి: 150 ÷ 20 = 7.5, 90 ÷ 12 = 7.5. రెండూ కలిస్తే పేజీ తిప్పేయొచ్చు.

## పుస్తకం బయట

"నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటే ఏడాదికి 2 శాతమేగా?

కాదు, ఈ లెక్క తెలియకే చాలామంది మునుగుతారు. మన ఊళ్లలో నూటికి రెండు అంటే వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. 35,000 అప్పు 7 నెలలకు: నూర్లు 350, నెలకు 350 × 2 = 700, ఏడు నెలలకు 4,900. అసలు పెరిగితే వడ్డీ అదే రెట్టున పెరుగుతుంది, నెలలు పెరిగినా అంతే, కాబట్టి బారువడ్డీ రెండువైపులా అనులోమమే. చక్రవడ్డీ నెలలతో అనులోమం కాదు, అక్కడ ఏకవస్తు పద్ధతి వేయకూడదు.

బ్యాంకుతో పోల్చాలంటే ఏడాది శాతాన్ని 12 తో భాగించండి. 9 శాతం అంటే నూటికి నెలకు 75 పైసలు, అంటే ముప్పావలా వడ్డీ. ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా సంఘాల పథకానికి వచ్చిన "పావలా వడ్డీ" పేరు కూడా ఇదే కొలతలో ఉంది: నూటికి నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం.

తెలంగాణలో గుంటలు అంటారు, ఆంధ్రలో సెంట్లు అంటారు. మార్చడం ఎలా?

ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. 40 : 100 ను కుదిస్తే 2 : 5, అంటే గుంటకు రెండున్నర సెంట్లు. 15 గుంటలైతే 37.5 సెంట్లు. గజాల్లో కావాలంటే ఎకరం 4,840 చదరపు గజాలు, కాబట్టి గుంట 121, సెంటు 48.4.

కరెంటు బిల్లు పోయిన నెల 100 యూనిట్లకు వచ్చింది. ఈసారి 200 యూనిట్లు కాలితే రెట్టింపు వేసుకోవచ్చా?

వేసుకోవద్దు. శ్లాబులు మారేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది, పైన ఫిక్స్‌డ్ చార్జీలు. బిల్లు రెట్టింపును దాటిపోతుంది.

మేస్త్రి 1 : 2 : 4 అంటాడు. బస్తా సిమెంటుకు ఇసుక, కంకర ఎంత?

ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర. ఇక్కడ పాలు అంటే బరువు కాదు, పరిమాణం. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 35 లీటర్లు. కాబట్టి ఇసుక 70 లీటర్లు, కంకర 140 లీటర్లు. తట్టలతో కొలిస్తే లీటర్లతో పని లేదు: ఇసుక 10 తట్టలు పోశారంటే సిమెంటు 5, కంకర 20. తట్ట మాత్రం మూడింటికీ ఒకటే సైజుది ఉండాలి. 1 + 2 + 4 = 7 కాబట్టి ఏడు తట్టల కాంక్రీటు వస్తుందని లెక్కేసి స్లాబుకు సామాను తెప్పించకండి. ఇసుక కంకర సందుల్లోకి, సిమెంటు ఇసుక సందుల్లోకి దిగిపోతాయి, తయారయ్యేది ఏడుకంటే తక్కువే.